ఒకటో నంబరు సౌండు

పోయిన వారం బెంగళూరు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. పాత వీడియో గేముల సంగీతం మీద ఇంటర్నెట్‌లో ఏదో కార్యక్రమం చేస్తుందట. ఎప్పుడో మా చిన్న కంపెనీలో చేసిన ఒక గేము పేరు చెప్పి, "మేడమ్, అందులో సంగీతం అచ్చం ఆ కాలపు సౌండ్ మాడ్యూల్‌లో వాయించినట్టే ఉంటుంది, వెనకాల సన్నగా వచ్చే సుయ్‌మనే శబ్దం కూడా వదల్లేదు, ఎలా చేశారు?" అని అడిగింది. నేను అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఎవరైనా పొగిడితే నా నోటికి అడ్డూ ఆపూ ఉండదు. ఆ తర్వాత ఆ పిల్ల, "అసలా మాడ్యూల్ డబ్బా మీకు ఎక్కడ దొరికింది?" అంది. తెలిసినాయన ఒకరిచ్చారని చెప్పి, పొయ్యి మీద పాలున్నాయని ఫోన్ పెట్టేశాను. పొయ్యి మీద పాలూ లేవు, నీళ్లూ లేవు. వంటింటి గట్టు ముందు నిలబడి, చేతిలో సగం తరిగిన బెండకాయతో, ఒక్కదాన్నే చెవులదాకా ఎర్రబడ్డాను. ఆ తెలిసినాయన సంగతి ఇప్పటిదాకా మా ఇంట్లో వాళ్లకు కూడా పూర్తిగా చెప్పలేదు.

తెలంగాణ రావడానికి ఆరేడేళ్ల ముందు నేను నాచారంలో ఒక ఇంటి పై పోర్షన్‌లో అద్దెకుండేదాన్ని. మాది జనగామ అవతల ఊరు. పెళ్లి కాని ఆడపిల్లకు ఒంటరిగా ఇల్లివ్వడానికి పది గడపలవాళ్లు పది రకాల ప్రశ్నలు వేస్తే, ఈ ఇంటాయన ఒక్కటే అడిగాడు, "పాటలు ఇనబడితె నీకు నిద్రకు ఇబ్బందా?" అని. నా ఉద్యోగమే శబ్దాలతో అని చెప్పాను. అంతే, ఇల్లు ఖాయమైంది. ఓనరు గారూ అని పిలవబోతే నవ్వి, "ఓనరు గీనరు ఏంది చెల్లె, అన్న అను" అన్నాడు. ఆ లెక్కన వాళ్లావిడ నాకు వదిన అయింది. అన్న మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసేవాడు. ఆదివారాలు రెండు వీధులవతల ఉన్న రేకుల కప్పు చర్చిలో కీబోర్డు వాయించేవాడు. ఆ చర్చికి వచ్చేవాళ్లలో సగం మంది అన్న వాళ్ల ఊరి నుంచే పనుల కోసం వచ్చి, నాచారం, మల్లాపూర్, మౌలాలి చుట్టుపక్కల స్థిరపడ్డవాళ్లు. గాలి ఇటు తిరిగినప్పుడు ఫ్యాక్టరీల ఘాటు వాసన ఇల్లంతా పట్టేది. "సుట్టం దిగిండు" అని వదిన కిటికీలు మూసేది. శనివారం సాయంత్రాలు మాత్రం వాసన వచ్చినా రాకపోయినా కిటికీలు మూయాల్సిందే, కింద పాటల ప్రాక్టీసు జరిగేది కాబట్టి. ఇరుగుపొరుగుకు ఇబ్బంది కాకూడదని వదిన పట్టుదల. నేను మాత్రం మెట్ల మీద కూర్చుని వినేదాన్ని.

అన్న కీబోర్డు పక్కన ఒక నల్ల డబ్బా ఉండేది. చెప్పుల డబ్బా కంటే కాస్త పెద్దది, ముందు చిన్న తెర, నాలుగైదు బటన్లు. దానికి మీటలుండవు. కీబోర్డు నుంచి వైరు కలిపితే, అక్కడ నొక్కిన ప్రతి స్వరాన్నీ ఇది తన గొంతుతో పలుకుతుంది. పియానో అంటే పియానో, వేణువు అంటే వేణువు, తీగలు, బాకాలు, డప్పులు, వందకు పైగా గొంతులు దాని కడుపులో ఉండేవి. సికింద్రాబాద్‌లో పెళ్లిళ్లకు వాయించే ఒక ఆర్కెస్ట్రా మూతపడినప్పుడు అన్న దాన్ని కొనుక్కున్నాడు. నా కళ్లు మొదటిరోజే దాని మీద పడ్డాయి. ఎందుకంటే నా చిన్నప్పటి కంప్యూటర్ గేముల సంగీతం రాసినవాళ్లు అలాంటి డబ్బాల మీదే రాశారు. ఒక గుడిసెలో దొరసాని దర్శనమిచ్చినట్టు అనిపించింది నాకు. చూశారా, ఇప్పుడు కూడా ఆ ఇల్లు నాకు గుడిసె అయింది. నిజానికి అది గ్రానైటు మెట్లున్న డాబా ఇల్లు.

మా కంపెనీ ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఒక మిఠాయి దుకాణం పైన మూడో అంతస్తులో ఉండేది. సెల్‌ఫోన్లలో ఆడుకునే గేములు చేసేవాళ్లం. బటన్ నొక్కితే టింగ్, నాణెం దొరికితే డింగ్, ఓడిపోతే దిగులుగా డుండుం. ఈ మూడింటి మీదే నా జీతం నడిచేది. ఒకరోజు మా సారు విదేశీ కంపెనీ పని ఒకటి పట్టుకొచ్చారు. వాళ్లు కొత్త గేము చేస్తున్నారట, కానీ అది పదిహేనేళ్ల పాతదానిలా కనబడాలి, వినబడాలి. కొత్త చీర కొని, అమ్మమ్మ చీరలా వెలిసిపోయేట్టు ఉతికిమ్మన్నట్టు. సంగీతం మాత్రం ఆ పాత డబ్బా గొంతుతోనే ఉండాలి. ఒక్కో వాయిద్యాన్ని ఒక్కో స్వరంలో, మెల్లగా ఒకసారి, మధ్యస్థంగా ఒకసారి, గట్టిగా ఒకసారి వాయించి రికార్డు చేసి పంపాలి. "అసొంటి డబ్బా ఈ ఊర్ల ఎవరికాడుంటదమ్మా?" అని సారు తల పట్టుకున్నారు. "మా అన్న దగ్గర ఉంది సార్" అన్నాను. ఆ క్షణంలో నా ఛాతీ ఎంత ఉబ్బిందో నాకే తెలుసు.

అన్న అడగ్గానే ఇచ్చాడు. వదిన తన పాత చీర మడతల్లో చంటిపిల్లను చుట్టినట్టు చుట్టింది. గేటు బయట ఆటో ఆగి ఉంది. అన్న డబ్బా నా చేతిలో పెడుతూ, "ఇందుల అన్ని కంపెనీ సౌండ్లే చెల్లె. ఒక్కటే నాది. యూజర్ల ఒకటో నంబరు. దాన్ని ముట్టకు. మిగిలినయి ఏమన్న జేస్కో" అన్నాడు. యూజర్ అంటే, మనం మార్చుకున్న శబ్దాలను దాచుకోవడానికి ఆ డబ్బాలో ఉండే ఖాళీ అరలు. "అది మా నాయిన..." అని ఇంకేదో మొదలుపెట్టాడు. ఆటోవాడు హారన్ కొట్టాడు. "వచ్చినాక ఇంటనే అన్నా" అని ఎక్కేశాను.

నెలరోజులు అదే పని. మా సారు రికార్డింగ్ జరుగుతున్నంతసేపూ ఫ్యాను ఆపించేవారు. వైరులో నుంచి వైరులోకి పోయే శబ్దానికి ఫ్యాను గాలి తగలదు సార్ అని ఎంత చెప్పినా, "రిస్కు ఎందుకమ్మా" అనేవారు. తగిలేదల్లా కింద మిఠాయి దుకాణం ఫ్రిజ్. అది ఆన్ అయినప్పుడల్లా కరెంటులో సన్నటి ఝుమ్ము వచ్చి రికార్డింగులో కూర్చునేది. ఫ్రిజ్ ఆగేదాకా ఆగి, మళ్లీ వాయించి, మళ్లీ ఆగి, చెమటలు కక్కుతూ వేల స్వరాలు పట్టాను. ఆ డబ్బా తాలూకు సుయ్ శబ్దాన్ని, స్వరం ఆరిపోయేటప్పుడు చివర్లో వచ్చే గరగరను కూడా పువ్వుల్లో పెట్టి దాచాను, ఎందుకంటే ఆ లోపాలే వాళ్లకు కావాలి. అన్నీ పంపితే వారం తర్వాత జవాబు వచ్చింది. స్వరాలన్నీ ఉండాల్సినదానికంటే రవ్వంత కిందికి ఉన్నాయి, మీ డబ్బా అసలు స్థితిలో లేదు, సరిచేసి మొత్తం మళ్లీ పంపండి అని. చూస్తే నిజమే. డబ్బా మొత్తం శ్రుతిని అన్న ఎప్పుడో కొంచెం దించి పెట్టాడు.

శ్రుతి ఒక్కటే సరిచేసి ఉండొచ్చు. కానీ అన్న ఇంకా ఏమేం మార్చాడో ఎవరికి తెలుసు? ఒక్కొక్కటీ వెతకడానికి నాకు ఓపిక లేదు, సారుకు అంతకంటే లేదు. ఇంటర్నెట్‌లో దొరికిన మాన్యువల్‌లో దారి ఉంది. రెండు బటన్లు కలిపి నొక్కి పట్టుకుని స్విచ్చి వేస్తే డబ్బా ఫ్యాక్టరీ నుంచి వచ్చిననాటి స్థితికి పోతుంది. దాని కిందే గీతల మధ్య, మీరు దాచుకున్న శబ్దాలన్నీ చెరిగిపోతాయి, కావాలంటే ముందుగా కంప్యూటర్‌లోకి పంపుకోండి అని రాసి ఉంది. నేను చదివాను. చదవలేదని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. పంపడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది, ఒక వైరు తిప్పి పెట్టాలి, అంతే. ఆ పని చేసేముందు అసలు అందులో ఏముందో చూద్దామని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకటో నంబరు వాయించాను. హార్మోనియం. శనివారాలు అందరి గొంతుల కింద కలిసిపోయి నాకు విడిగా వినబడనిది. కానీ ఎలాంటి హార్మోనియం! గాలి సరిగా అందక మధ్యలో సొమ్మసిల్లి, మళ్లీ లేచి, పై స్వరం ఒకటి పక్కకు ఒరిగి, మొత్తం గరగరలాడుతోంది. హెడ్‌ఫోన్స్‌లో ఒకవైపు పక్క సీటు అమ్మాయి చెవికి పెట్టాను. ఇద్దరం నవ్వుకున్నాం. "ఉబ్బసం హార్మోనియం" అన్నాను నేను. ఆ మాట నాదే. దీన్ని దాచడమెందుకు, ఇంతకంటే మంచిది పది నిమిషాల్లో నేనే చేసిస్తాను, అన్న సంతోషపడతాడు అనుకున్నాను. రెండు బటన్లు నొక్కి స్విచ్చి వేశాను.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పుకోవాలి. విదేశీ డబ్బాలోని గరగరను నెలరోజులు చెమటోడ్చి కాపాడినదాన్ని, అన్న హార్మోనియంలోని గరగరను విని నవ్వాను. ఆ గరగర విలువ చెప్పడానికి ఎవరో వెల కట్టి ఈమెయిల్ రాయాలి కాబోలు నాకు. బద్ధకం, తొందర, సారు ఒత్తిడి, వీటన్నిటినీ సాకులుగా చెప్పుకుని చూశాను. ఆ నవ్వుకు మాత్రం ఏ సాకూ దొరకలేదు.

స్వరాలన్నీ మళ్లీ పట్టి పంపాక, ఒక శనివారం మధ్యాహ్నం డబ్బా తెచ్చి ఇచ్చాను. ఒకటో నంబరు సంగతి అన్నతో చెప్పి, కొత్తది చేసిస్తానందామనే అనుకున్నాను. అన్న ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. సాయంత్రం ప్రాక్టీసు మొదలైంది. కింద నుంచి హార్మోనియం బదులు టింగుమని పియానో వినిపించింది. ఆగింది. మళ్లీ పియానో. మెట్లెక్కి వస్తున్న చెప్పుల చప్పుడు. అన్న గుమ్మంలో నిలబడి, "చెల్లె, నా ఒకటో నంబరు లేదేంది?" అన్నాడు. కోపంగా అడిగి ఉంటే నిజం చెప్పేదాన్నేమో. ఇంట్లో పిల్ల కనబడకపోతే అడిగినట్టు అడిగాడు. నా నోరు నన్నడగకుండానే, "లోపల సెల్లు అయిపోయినట్టుందన్నా, అది అయిపోతే అన్నీ పోతాయి" అంది. "అవు గదా. పదేండ్లాయె. నేను మార్వాల్సుండె. యాది లేకపాయె" అన్నాడు. అక్కడితో ఆగానా? లేదు. మర్నాడు నాచారం చౌరస్తాలో గడియారాల దుకాణం నుంచి బిళ్ల సెల్లు కొనుక్కొచ్చి, అన్న ముందే డబ్బా విప్పి, బాగున్న సెల్లు తీసేసి కొత్తది వేశాను. అబద్ధానికి సెల్లు కూడా మార్చిన మనిషిని నేను. వదిన నాకు చాయ్ తెచ్చిచ్చి, "నువ్వున్నవ్ గాబట్టి మంచిగయింది, లేకుంటె ఈనకేం దెలుస్తది" అంది.

ఆరోజు అన్న ఆటో హారన్‌లో కొట్టుకుపోయిన కథ చెప్పాడు. వాళ్ల నాయన ఊరి చర్చిలో పాటలు పాడించేవాడు. ఆయనకు ఒక హార్మోని పెట్టె ఉండేది. తిత్తికి చిల్లు, ఒక స్వరం విరిగింది, శ్రుతి కిందికి. ఊరంతా ముప్పయ్యేళ్లు ఆ శ్రుతిలోనే పాడింది. నాయన పోయాక వానలకు చర్చి గోడ కూలి పెట్టె దాని కింద నుజ్జయింది. పట్నం వచ్చాక అన్న ఈ డబ్బా కొని, ఆ పెట్టె సప్పుడును మళ్లీ తయారుచేయడానికి కూర్చున్నాడు. చెవి ఆయనది కాదు, వాళ్ల అమ్మది. అమ్మ మంచంలో పడుకుని వినేదట. "ఇది గాదు బిడ్డ." "ఇంకింత ఊపిరి బిగవట్టాలె." "మీ నాయిన పెట్టె గింత సక్కగుండేదా?" అలా ఏడాదిన్నర. ఒకరోజు అన్న ఏదో నొక్కితే అమ్మ ఏమీ అనకుండా పాట అందుకుందట. అప్పుడు దాన్ని ఒకటో నంబరులో దాచి, డబ్బా మొత్తం శ్రుతిని ఆ పెట్టె శ్రుతికి దించాడు. అమ్మ ఆ మరుసటేడు పోయింది.

మళ్లీ చేద్దామన్నా, నేను సాయం చేస్తానని గంభీరంగా ప్రకటించాను. పది నిమిషాల్లో చేస్తాననుకున్నదాన్ని నలభై రోజులు రోజూ సాయంత్రం కింద కూర్చున్నాను. నాకు తెలిసిన విద్యంతా వాడాను. అన్న కళ్లు మూసుకుని వినేవాడు. "దగ్గర్ల ఉన్నది" అనేవాడు. మర్నాడు అదే వినిపిస్తే, "నిన్నటిదేనా? గాదనిపిస్తున్నది" అనేవాడు. చివరికి ఒకరోజు కీబోర్డు మూత వేసి, "చెల్లె, సౌండు నువ్వు జేస్తవ్. అవునని జెప్పెటందుకు అమ్మ లేకపాయె గదా. నాకు నాయిన పెట్టె యాదికొస్తలేదు, అమ్మ ఆపిన సౌండే యాదికొస్తున్నది" అన్నాడు. నేను పైకి వెళ్లి అన్నం తినలేదు. ఆ పూట తినకపోవడం వల్ల ఎవరికి ఏం లాభమో నాకు ఇప్పటికీ తెలియదు.

గుడ్‌ఫ్రైడే వచ్చింది. ఆరోజు వాళ్ల నాయన కట్టిన పాట ఒకటి ప్రతి ఏడూ ఆ పెట్టె సప్పుడుతోనే పాడతారట. వదిన రమ్మంటే వెళ్లాను. రేకుల కింద మూడు గంటల ఎండ, తెల్లచీరల ఆడవాళ్లు, విసనకర్రలు. నేను వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. పాటకు ముందు అన్న కీబోర్డు దగ్గర నుంచి లేచి మైకు దగ్గరికి వచ్చాడు. చేతులు కట్టుకుని, "మన ఊరి పెట్టె సప్పుడు నా నిర్లక్ష్యంతోని పోయింది. మీ అందరి యాది అది. నేను కాపాడకపోతి. దేవుని ముంగట, మీ ముంగట క్షమాపణ అడుగుతున్న" అన్నాడు. ముందు వరసలో ఒక ముసలాయన, "ఎంత పనాయెరా" అన్నాడు పైకే. అన్న తల వంచుకుని వెళ్లి కంపెనీ హార్మోనియంతో పాట వాయించాడు. శుభ్రంగా, శ్రుతిలో. గొంతులు అలవాటైన పాత శ్రుతికే జారిపోతుంటే జనం పాటను మధ్యలోనే వదిలేశారు. నా ముందు ఇరవై అడుగుల దూరంలో మైకు ఉంది. నేను కదల్లేదు. ఆరాధన అయ్యాక వదిన అందరికీ మజ్జిగ పోస్తూ నాకు పెద్ద గ్లాసు ఇచ్చింది. తాగాను. చల్లగా, అల్లం వేసి, చాలా బాగుంది కూడా.

గేము విడుదలైంది. విదేశం నుంచి మెచ్చుకుంటూ పెద్ద ఉత్తరం వచ్చింది. సారు కేకు కోయించారు. ఆ పై సంవత్సరం నాకు పెళ్లయి బోడుప్పల్ దాటి చెంగిచెర్ల వైపు వెళ్లిపోయాను. అన్న వదినలు పెళ్లికి వచ్చి స్టీలు డబ్బాల సెట్టు ఇచ్చి వెళ్లారు. ఆ డబ్బాల్లో నేను పప్పులు పోసుకున్నాను. ఎప్పుడైనా ఉప్పల్‌లో వదిన కలిస్తే, "మీ అన్న శనివారాలు వాయిస్తలేడు, చర్చిల పిల్లలకు అప్పజెప్పిండు" అనేది. నేను మాట మార్చేదాన్ని.

తెలంగాణ వచ్చిన ఆ ఎండాకాలంలో ఊరంతా సంబరంగా ఉంది. ఉప్పల్ రోడ్డు పొడవునా మెట్రో పనులు, దుమ్ము, జెండాలు. అందరూ ఒకరినొకరు పట్టుకుని కొత్తగా మొదలుపెడదామంటున్న రోజులు. నాకూ ఎక్కడి నుంచో ధైర్యం వచ్చింది. నాచారం వెళ్లాను. అన్నకు జుట్టు మొత్తం నెరిసింది. కూర్చోగానే చెప్పేశాను, మాన్యువల్ చదివిన సంగతి, నవ్విన సంగతి, సెల్లు సంగతి, అన్నీ. చెబుతూ లోపల ఒక లెక్క కూడా ఉంది నాకు. వీళ్లు ప్రతి ఆదివారం క్షమాపణ గురించి పాడేవాళ్లు, అన్న ఎలాగూ క్షమిస్తాడు, నా గుండె బరువు దిగిపోతుంది అనుకున్నాను. ఎంత ధీమా!

వదిన లేచి లోపలికి వెళ్లింది. అన్న మెల్లగా అన్నాడు, "సౌండు పోయింది, పోనీ. అమ్మ పోలేదా? మరి గుడ్‌ఫ్రైడే నాడు నేను మైకు కాడ నిలబడ్డప్పుడు నువ్వు యాడున్నవ్?"

"వెనక ఉన్నానన్నా."

"ఇన్నవ్."

"విన్నాను."

"ఆరేండ్ల సంది నన్ను నేను తిట్టుకుంటున్న చెల్లె. ఒక్క సెల్లు మార్చే జ్ఞానం లేకపాయె అని. మా ఊరోల్లు గూడ అంటరు, నాయిన పెట్టెను పోగొట్టిండని. గా తిట్లు ఎవరు వాపస్ తీసుకుంటరు?"

నేను ఏడ్చాను. అన్న నన్ను ఊరుకోమనలేదు. గ్లాసుతో మంచినీళ్లు మాత్రం ఇచ్చాడు. "నువ్వు నాకు జెప్పినవ్, మంచిగయింది. ఇప్పుడు వాళ్లకు జెప్పు. ఆదివారం సాక్ష్యాల టైముల గాడనే, మైకు కాడ నిలబడి జెప్పు. నాకు వేరే ఏం అక్కర్లేదు. తొమ్మిదిన్నరకు మొదలైతది" అన్నాడు. ఆ చర్చిలో ఆరాధన మధ్యలో ఎవరైనా ముందుకు వచ్చి తమ బతుకులో జరిగింది అందరి ముందు చెప్పుకునే పద్ధతి ఉంది. నేను తప్పకుండా వస్తానన్నాను. గేటు దాకా వచ్చి, "జర పైలంగ పో, రోడ్డంత తవ్విన్రు" అన్నాడు.

ఆ ఆదివారం మా బాబుకు జ్వరం. నిజంగానే జ్వరం, మధ్యాహ్నానికి తగ్గింది. తర్వాతి ఆదివారం ఇంటికి చుట్టాలు. ఆ తర్వాత వాన. ఆ తర్వాత కారణాలు వెతకడం కూడా మానేశాను. అన్న ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. వదిన ఈమధ్య ఉప్పల్ మార్కెట్లో ఎదురుపడి, నన్ను చూసి, చూడనట్టు టమాటాలు ఏరుకుంది. అన్న బాగానే ఉన్నాడని వేరేవాళ్ల ద్వారా తెలిసింది, చర్చిలో మాత్రం కీబోర్డు వైపు పోకుండా ఇప్పటికీ వెనక వరసలో కూర్చుంటాడట. మా ఇంటి నుంచి ఆ చర్చికి ఆటోలో అరగంట దారి. పదేళ్లు దాటింది, ఆదివారం తొమ్మిదిన్నర అయ్యేసరికి నేను ఇంకా ఇంట్లోనే ఉంటున్నాను.